డేటా సెంటర్ భౌతిక భద్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ చుట్టుపక్కల ఇప్పటికే పెద్ద డేటా సెంటర్లు పనిచేస్తున్నాయి. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో ఇక్కడ తన రీజియన్‌ను, అంటే క్లౌడ్ కేంద్రాల సముదాయాన్ని, ప్రారంభించింది. విశాఖపట్నంలో ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఏఐ హబ్ నిర్మిస్తామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఇటువంటి భవనాల్లో ఉద్యోగానికి వెళ్ళేవారు, తమ సర్వర్లను అక్కడ అద్దెకు ఉంచే సంస్థలు, ఆఫీసులోనే ఒక చిన్న సర్వర్ గదిని నెట్టుకొస్తున్నవారు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

భౌతిక భద్రత కిందికి ఏమేమి వస్తాయి? ఫైర్‌వాల్, ఎన్‌క్రిప్షన్ ఉన్నాక ఇది ఎందుకు?

సర్వర్ ఉన్న చోటికి ఎవరు చేరగలరు, చేరినవారు ఏమి చేయగలరు, మనుషుల ప్రమేయం లేకుండానే నిప్పు, నీరు, వేడి, కరెంటు దానికి ఎంత హాని చేయగలవు అనే మూడు సందేహాలకు సమాధానంగా చేసే ఏర్పాట్లన్నీ భౌతిక భద్రత కిందికే వస్తాయి. ప్రహరీ, తలుపులు, తాళాలు, కెమెరాలు, కాపలా సిబ్బంది అందరి కంటికీ కనిపించే భాగం. గాలిలో పొగను పసిగట్టే గొట్టాలు, రైజ్డ్ ఫ్లోర్ (కింద ఖాళీ వదిలి ఎత్తుగా పలకలతో వేసిన నేల) కింద చెమ్మను గుర్తించే తీగలు, డీజిల్ ట్యాంకును ఎక్కడ పెట్టారన్న విషయం, పాడైన డిస్కులను వదిలించుకునే పద్ధతి కూడా ఇందులోవే.

ఫైర్‌వాల్ నెట్‌వర్క్ దారిన వచ్చేవారిని ఆపుతుంది. సర్వర్లు అమర్చిన ర్యాక్ ముందు నిలబడి కేబుల్ పీకేవారిని, డిస్కును జేబులో వేసుకునేవారిని, యంత్రాన్ని నేరుగా నియంత్రించే కన్సోల్ పోర్టుకు ల్యాప్‌టాప్ తగిలించేవారిని అది చూడనే చూడదు. ఎన్‌క్రిప్షన్ ఉంటే దొంగిలించిన డిస్కులోని సమాచారాన్ని చదవడం సాధ్యం కాకపోవచ్చు గాని, ఆ డిస్కు పోయినందువల్ల ఆగిపోయిన సేవ దానంతట అది తిరిగి రాదు. సమాచార భద్రతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 27001 తాజా రూపంలో, అంటే 2022 నాటి ప్రతిలో, 93 నియంత్రణలు ఉంటే వాటిలో 14 పూర్తిగా భౌతికమైనవే.

నిజంగా డేటా సెంటర్లలోకి దొంగలు వస్తారా?

వస్తారు, అయితే అరుదుగా. 2007లో అమెరికాలోని షికాగోలో ఒక హోస్టింగ్ సంస్థ కేంద్రంలోకి దుండగులు రంపంతో గోడ కోసి ప్రవేశించి, రాత్రి డ్యూటీలో ఉన్న ఉద్యోగిని నిర్బంధించి సుమారు 20 సర్వర్లను ఎత్తుకుపోయారు. అదే చోట అంతకుముందు రెండేళ్ళలోనూ దొంగతనాలు జరిగాయి. తలుపుకు ఎన్ని తాళాలు వేసినా గోడను కోయగలిగితే ఫలితం ఉండదని ఆ ఘటన చూపింది. 2021లో వర్జీనియాలోని అమెజాన్ డేటా సెంటర్‌ను పేల్చివేయాలని పథకం వేసిన టెక్సాస్ వ్యక్తి ఒకరు, పేలుడు పదార్థం అమ్ముతానని వచ్చిన వ్యక్తి ఎఫ్‌బీఐ అధికారి కావడంతో పట్టుబడి, పదేళ్ళ శిక్ష పొందాడు.

ఇవి వార్తల్లోకి ఎక్కే సంఘటనలు. రోజువారీ పనిలో ఎదురయ్యేది వేరు. అనుమతి ఉండి లోపలికి వచ్చిన టెక్నీషియన్ పక్క ర్యాక్‌లోని కేబుల్ తీసేయడం, ఉద్యోగం మానేసిన వ్యక్తి కార్డు ఇంకా పనిచేస్తూ ఉండడం, ఏసీ బాగుచేసేందుకు వచ్చినవారు తలుపుకు ఇటుక అడ్డంపెట్టి వెళ్ళడం వంటివి ఎక్కువ. 2017 మేలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానాలు నిలిచిపోయి సుమారు 75,000 మంది ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. దాని వెనుక ఉన్నది లండన్ దగ్గరి డేటా సెంటర్‌లో కరెంటు సరఫరాను తీసి, అదుపు లేకుండా తిరిగి ఇవ్వడమేనని ఆ సంస్థ యాజమాన్యం చెప్పింది. అక్కడ దొంగ ఎవరూ లేరు. అందువల్ల భద్రతా ప్రణాళిక రాసేటప్పుడు శత్రువు కోసం ఎంత ఆలోచిస్తామో, అనుమతి ఉన్న మనిషి చేసే పొరపాటు కోసం అంతకంటే ఎక్కువ ఆలోచించాలని మా అభిప్రాయం.

స్థలం ఎంచుకునేటప్పుడే భద్రత మొదలవుతుందని అంటారు. మన ప్రాంతంలో దేనిని చూడాలి?

నీటిని మొట్టమొదట చూడాలి. హైదరాబాద్ దక్కన్ పీఠభూమి మీద ఉంది, 2016 నాటి భూకంప పటంలో రెండవ జోన్‌గా, అంటే ప్రమాదం తక్కువగా ఉన్నదిగా, గుర్తించిన ప్రాంతం, సముద్రానికి దూరం. డేటా సెంటర్లు ఇక్కడికి రావడానికి ఇవి కూడా కారణాలే. కాని పీఠభూమి మీద ఉన్నంత మాత్రాన వరద రాదనుకోవడం పొరపాటు. 1908 మూసీ వరద, 2000 ఆగస్టు వాన, 2020 అక్టోబరులో కాలనీలను ముంచిన చెరువులు అందుకు సాక్ష్యం. సర్వే నంబరు చూసి స్థలం కొనేవారు, ఆ పక్కన పూర్వం ఏ చెరువు అలుగు పారేదో, ఏ నాలా పూడ్చి రోడ్డు వేశారో పాత గ్రామ పటంలో చూడడం ఎంతో అవసరం. ఊరి పెద్దలను అడిగినా చాలాసార్లు సరైన జవాబు దొరుకుతుంది.

విశాఖపట్నం విషయంలో గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా ఆ నగరం మీదనే తీరం దాటింది. కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు కూలి, సరఫరా పూర్తిగా కుదుటపడడానికి రోజులు పట్టింది. అక్కడ కట్టే భవనంలో పైకప్పు మీది శీతలీకరణ యంత్రాల బిగింపు, కిటికీలు లేని గోడలు, రోడ్లు మూసుకుపోయినా సరిపోయేంత డీజిల్ నిల్వ, సిబ్బంది రెండు మూడు రోజులు లోపలే ఉండగలిగే తిండి, పడక ఏర్పాట్లు భద్రతలో భాగమే. విజయవాడ అదే భూకంప పటంలో, ప్రమాదం మధ్యస్థంగా ఉన్న మూడవ జోన్‌లో ఉంది, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఆ ఊరికి ఏమి చేసిందో అందరూ చూశారు.

విమానాలు దిగే మార్గం, రసాయన కర్మాగారాలు, పెట్రోలు నిల్వలు, జనం గుమికూడే ప్రదేశాలు పక్కన లేకుండా చూడడం మిగిలిన సాధారణ సూత్రం.

లోపలికి వెళ్ళే సందర్శకుడు ఎన్ని అంచెలు దాటాలి?

మంచి కేంద్రంలో సర్వర్ ముందు నిలబడే ముందు అయిదారు చోట్ల ఆగవలసి వస్తుంది. మొదటిది గేటు. అక్కడ పేరు ముందే నమోదై ఉండాలి. వాహనం నేరుగా భవనాన్ని గుద్దకుండా దారి వంపు తిరిగి ఉంటుంది, బొల్లార్డులు, అంటే నేలలో పాతిన అడ్డు స్తంభాలు, ఉంటాయి. రెండవది రిసెప్షన్. గుర్తింపు పత్రం చూపించి, వచ్చిన పని ఏమిటో, ఎవరు అనుమతించారో సరిచూసుకుంటారు. ఆధార్ చూపితే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ప్రతి చాలు. కాపీ తీసి సొరుగులో పడేసే అలవాటును మానిపించాలి. మూడవది తనిఖీ. పెన్ డ్రైవులు, కెమెరా ఉన్న ఫోన్లు, ల్యాప్‌టాప్ సీరియల్ నంబర్లు రాసుకుంటారు. మహిళా సందర్శకులను తనిఖీ చేయడానికి మహిళా సిబ్బంది ప్రతి షిఫ్టులోనూ ఉండాలి. రాత్రి షిఫ్టులో లేరన్న సాకుతో తనిఖీ వదిలేసినా తప్పే, మగవారితో చేయించడం మరీ పెద్ద తప్పు. నాలుగవది మాన్‌ట్రాప్, అయిదవది సర్వర్ హాలు తలుపు, చివరిది కేజ్ (ర్యాక్‌ల చుట్టూ ఉండే కంచె గది) లేదా ర్యాక్ తాళం.

ఈ అంచెలన్నిటి ఉద్దేశం ఒకటే. ఒక అంచె విఫలమైనా తరువాతి దాని దగ్గర ఆపే అవకాశం ఉండాలి, ఆ ఆపే లోపల ఎవరో ఒకరికి తెలియాలి. ఒకే కార్డు గేటు నుంచి ర్యాక్ దాకా అన్నిటినీ తెరిచేస్తుంటే అంచెలు ఆరు ఉన్నా లెక్కకు ఒకటే.

మాన్‌ట్రాప్ అంటే ఏమిటి? టెయిల్‌గేటింగ్‌ను అది నిజంగా ఆపుతుందా?

రెండు తలుపుల మధ్య ఉండే చిన్న గది మాన్‌ట్రాప్. మొదటి తలుపు మూసుకుంటే తప్ప రెండవది తెరుచుకోదు, రెండూ ఒకేసారి తెరిచి ఉండవు. కొన్నిటిలో నేల బరువును తూచి, మరికొన్నిటిలో పైనుంచి సెన్సార్‌తో చూసి, లోపల ఉన్నది ఒక్కరేనని నిర్ధారించుకుంటారు.

టెయిల్‌గేటింగ్ అంటే కార్డు గీసినవారి వెనకాలే మరొకరు దూరడం. దీని వెనుక చాలాసార్లు దురుద్దేశం ఉండదు, మర్యాద ఉంటుంది. వెనక వస్తున్న పెద్దాయన మొహం మీద తలుపు వేయడం మన పెంపకంలో లేదు. చేతిలో పెట్టె పట్టుకుని వచ్చినవారికి తలుపు పట్టుకుని నిలబడడం సహాయమని అనుకుంటాము. భద్రతను పరీక్షించడానికి వచ్చేవారు ఎంచుకునే మార్గం కూడా సరిగ్గా ఇదే. “ఏమీ అనుకోకండి, మీ కార్డు కూడా గీయండి” అని ఎంత పెద్ద హోదా వారితోనైనా అనవచ్చునని యాజమాన్యం స్పష్టంగా చెప్పాలి. సాధ్యమైతే డైరెక్టరు గారే ఒకసారి అందరి ముందు ఆగి తన కార్డు గీసి చూపించాలి. ఈ ఒక్క పనికి ఉన్న ప్రభావం పది పోస్టర్లకు ఉండదు.

యాంటీ పాస్‌బ్యాక్ అనే ఏర్పాటు కూడా ఉపయోగపడుతుంది. లోపలికి వెళ్ళినట్లు నమోదైన కార్డు, బయటికి వచ్చినట్లు నమోదు కాకుండా మళ్ళీ లోపలికి పనిచేయదు. అప్పుడు ఒకరి కార్డును కిటికీలోంచి ఇంకొకరికి అందించడం కుదరదు.

కార్డు, పిన్, వేలిముద్ర, కనుపాప. వీటిలో ఏది నమ్మదగినది?

ఏ ఒక్కటీ ఒంటరిగా నమ్మదగినది కాదు. పాతకాలపు 125 కిలోహెర్ట్జ్ కార్డులను చవక పరికరంతో క్షణాల్లో నకలు తీయవచ్చు. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న మైఫేర్ క్లాసిక్ కార్డుల రహస్య పద్ధతిని నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లోనే ఛేదించారు. అయినా ఈనాటికీ అనేక ఆఫీసుల మెడల్లో వేలాడుతున్నవి ఆ తరానికి చెందినవే. మీ కార్డు ఏ రకమో మీ సంస్థను ఈ వారమే అడగండి.

వేలిముద్రకు వేరే సమస్య ఉంది. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేము. అమెరికా ప్రభుత్వ సిబ్బంది వ్యవహారాల కార్యాలయంలో 2015లో బయటపడిన చోరీలో సుమారు 56 లక్షల మంది వేలిముద్రలు పోయాయి. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి, భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను నకలు తీసి, వాటితో ఆధార్ ధ్రువీకరణ జరిపించి వేల సంఖ్యలో సిమ్‌లను చలామణిలోకి తెచ్చాడని పోలీసులు కేసు పెట్టారు. ఆ పనికి పెద్ద ప్రయోగశాల ఏదీ అవసరం పడలేదు.

కాబట్టి సర్వర్ హాలు తలుపుకు రెండు వేరువేరు రకాల ఆధారాలు అడగాలి: చేతిలో ఉండే కార్డుతో పాటు శరీరానికి సంబంధించిన గుర్తు, లేదా కార్డుతో పాటు పిన్. వేలిముద్ర యంత్రం కొంటే, ప్రాణం ఉన్న వేలినీ అచ్చునూ వేరుచేసి చూడగల రకాన్నే కొనాలి. సిమెంటు, సున్నం పనులు చేసేవారికి, వయసు మీరినవారికి వేలి గీతలు అరిగిపోయి యంత్రం గుర్తించకపోవడం మన దగ్గర మామూలే. వారికి గౌరవప్రదమైన మరో దారి ముందే సిద్ధం చేసి ఉంచాలి, లేకపోతే గార్డు జాలిపడి తలుపు తెరిచే అలవాటు మొదలవుతుంది. ఉద్యోగుల వేలిముద్రలు వ్యక్తిగత సమాచారం కాబట్టి, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం అవసరం తీరాక వాటిని తొలగించవలసిన బాధ్యత సంస్థ మీద ఉంటుంది. ఉద్యోగి రాజీనామా చేసిన రోజే కార్డు రద్దు చేసి, వేలిముద్ర చెరిపే పనిని మానవ వనరుల విభాగం తుది చెల్లింపుల పత్రంతో ముడిపెడితే ఎవరూ మరచిపోరు.

కరెంటు పోతే, లేదా నెట్‌వర్క్ పడిపోతే ఈ తలుపుల సంగతి ఏమిటి?

ఈ ప్రశ్నను భవనం కట్టకముందే అడగాలి. కరెంటు పోగానే తెరుచుకునే తాళాన్ని ఫెయిల్ సేఫ్ అని, మూసుకునే ఉండిపోయే తాళాన్ని ఫెయిల్ సెక్యూర్ అని అంటారు. అయస్కాంత తాళాలు కరెంటు ఉన్నంతసేపే పట్టుకుంటాయి, కనుక అవి సహజంగానే మొదటి రకం. ఏ రకం వాడినా లోపల ఉన్న మనిషి ఎప్పుడైనా, కార్డు లేకుండా, చీకట్లోనైనా బయటికి రాగలగాలి. మంటలు అంటుకున్నప్పుడు తలుపు తెరుచుకోక మనిషి చిక్కుకుపోయే ఏర్పాటును భద్రత అని పిలవకూడదు.

నెట్‌వర్క్ సంగతికి 2021 అక్టోబరు 4 నాటి ఫేస్‌బుక్ అంతరాయం గొప్ప పాఠం. నిర్వహణలో జరిగిన ఒక పొరపాటుతో ఆ సంస్థ నెట్‌వర్క్ మొత్తం ఇంటర్నెట్ నుంచి తెగిపోయింది. ఇంజినీర్లను స్వయంగా డేటా సెంటర్లకు పంపవలసి వచ్చింది. ఆ కేంద్రాల్లోకి ప్రవేశించడమూ, ప్రవేశించాక యంత్రాలను మార్చడమూ కష్టంగా ఉండేలా రూపొందించినందువల్ల పునరుద్ధరణ ఆలస్యమైందని సంస్థే తన వివరణలో రాసింది. తలుపుల వ్యవస్థ ఏ సర్వర్ మీద ఆధారపడి ఉందో, ఆ సర్వర్ ఈ తలుపుల వెనకాలే ఉందో లేదో ఒకసారి చూసుకోండి. సీలు వేసిన కవరులో యాంత్రిక తాళంచెవులు, వాటిని తీయడానికి ఇద్దరి సంతకం, తీసిన ప్రతిసారీ కొత్త సీలు అనే పాత పద్ధతికి ఇప్పటికీ మించినది లేదు.

సీసీ కెమెరా రికార్డింగులను ఎన్ని రోజులు దాచాలి?

కార్డు చెల్లింపుల సమాచారం ఉన్న చోట పీసీఐ డీఎస్ఎస్ ప్రమాణం కనీసం మూడు నెలలు దాచాలని అడుగుతుంది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను, అంటే ఎప్పుడు ఏమి జరిగిందో నమోదయ్యే వివరాలను, 180 రోజులు దేశంలోనే భద్రపరచాలని చెబుతాయి. కాబట్టి తలుపుల లాగ్‌లను కూడా కనీసం 180 రోజులు ఉంచుకోవడం మంచి పద్ధతి. నిల్వ ఖర్చును ముందే లెక్కవేయాలి. సెకనుకు 4 మెగాబిట్ల వేగంతో రికార్డయ్యే ఒక కెమెరాకు రోజుకు సుమారు 43 గిగాబైట్లు, 90 రోజులకు దాదాపు 3.9 టెరాబైట్లు కావాలి. అలాంటివి 200 ఉంటే ఎంతో మీరే చూడండి.

ఇంతకన్నా ముఖ్యమైనవి రెండున్నాయి. కెమెరా గడియారం, తలుపు లాగ్ గడియారం, సర్వర్ గడియారం ఒకే సమయం చూపాలి. నాలుగు నిమిషాల తేడా ఉంటే, కేబుల్ తీసింది ఎవరన్న ప్రశ్నకు దొరికే జవాబు తప్పు మనిషిని చూపిస్తుంది. రెండవది, కెమెరాల నెట్‌వర్క్‌ను మిగతా నెట్‌వర్క్ నుంచి వేరుచేసి, తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డులను మార్చాలి. బయటి గోడకు బిగించిన కెమెరా వెనక ఉన్న కేబులే లోపలి నెట్‌వర్క్‌కు దారి కాకూడదు.

అగ్నిప్రమాదం నుంచి కాపాడడానికి నీరు వాడతారా, గ్యాస్ వాడతారా?

ఈ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే గత కొన్నేళ్ళలో డేటా సెంటర్లను తీవ్రంగా దెబ్బతీసినవాటిలో నిప్పు ఒకటి.

2021 మార్చి 10న, అర్ధరాత్రి దాటాక, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ సంస్థకు చెందిన అయిదంతస్తుల డేటా సెంటర్ కాలిపోయింది, పక్క భవనం కొంత దెబ్బతింది. ప్రాణనష్టం జరగలేదు. ఆ భవనంలో తనంతట తాను మంటలార్పే వ్యవస్థ లేదని అగ్నిమాపక శాఖ నివేదిక చెప్పింది. బ్యాకప్‌లను కూడా అదే ఆవరణలో ఉంచుకున్న కొందరు వినియోగదారులు రెండింటినీ పోగొట్టుకున్నారు. 2022 అక్టోబరు 15న దక్షిణ కొరియాలోని పంగ్యోలో యూపీఎస్ లిథియం అయాన్ బ్యాటరీలు అంటుకోవడంతో, దేశంలో దాదాపు ప్రతివారూ వాడే కకావో సంస్థ మెసేజింగ్, ఇతర సేవలు ఆగిపోయి, అన్నీ పూర్తిగా కోలుకోవడానికి 127 గంటలకు పైగా పట్టింది. 2025 సెప్టెంబరు 26న అదే దేశంలో డేజాన్‌లోని ప్రభుత్వ డేటా కేంద్రంలో, బ్యాటరీలను వేరే చోటికి మార్చే పని జరుగుతుండగా మంటలు లేచాయి. వందల ప్రభుత్వ సేవలు నిలిచిపోయాయి, బయట బ్యాకప్ లేని 858 టెరాబైట్ల ఉద్యోగుల ఫైళ్ళు బూడిదయ్యాయి.

కొరియాలోని రెండు ఘటనల్లోనూ నిప్పు పుట్టింది బ్యాటరీల దగ్గర. లిథియం అయాన్ సెల్ ఒకసారి అదుపు తప్పి వేడెక్కితే తనలోని రసాయనాలతోనే మండుతూ పోతుంది, పక్క సెల్‌ను అంటిస్తుంది. గ్యాస్ వదిలితే మంట ఆగినట్లు కనిపించినా వేడి ఆగదు, మళ్ళీ అంటుకుంటుంది. అటువంటి మంటను చల్లార్చడానికి చాలా నీరు, చాలా సమయం కావాలి. అందుకే బ్యాటరీ గది సర్వర్ హాలుకు దూరంగా, నిప్పును గంటల తరబడి ఆపగల గోడల మధ్య, వీలైతే వేరే కట్టడంలో ఉండాలి. అగ్నిమాపక వాహనం ఆ గోడ దాకా రాగలగాలి.

సర్వర్ హాలులో మాత్రం మొదటి రక్షణ ముందుగా పసిగట్టడం. గాలిని నిరంతరం పీల్చి పరీక్షించే వ్యవస్థలు, కంటికి కనిపించని పొగను కూడా గుర్తిస్తాయి. అప్పుడు మనిషి వెళ్ళి చూసి, వేడెక్కిన విద్యుత్ పరికరాన్ని ఆపితే చాలాసార్లు అంతటితో పోతుంది. తరువాతిది గ్యాస్. నైట్రోజన్, ఆర్గాన్ వంటి జడవాయువులు గాలిలో ఆక్సిజన్ శాతాన్ని తగ్గిస్తాయి, రసాయన గ్యాసులు వేడిని లాగేస్తాయి. గ్యాస్ వదిలే ముందు హెచ్చరిక మోగి, మనుషులు బయటపడేందుకు వ్యవధి ఉండాలి. చివరి రక్షణగా పైకప్పు నుంచి నీరు చిమ్మే ప్రీ యాక్షన్ స్ప్రింక్లర్లు ఉంటాయి. పొగ సంకేతం వస్తే తప్ప వాటి గొట్టాల్లోకి నీరు రాదు, స్ప్రింక్లర్ తల వేడికి తెరుచుకుంటే తప్ప ఆ నీరు కిందపడదు. కనుక ఎవరో నిచ్చెన తగిలించి స్ప్రింక్లర్ తల విరగ్గొట్టినంత మాత్రాన సర్వర్లు తడవవు.

గ్యాస్ పరీక్షలోనూ జాగ్రత్త అవసరం. 2016 సెప్టెంబరులో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ఐఎన్‌జీ బ్యాంకు అగ్నిమాపక పరీక్ష చేస్తుండగా, జడవాయువు ఎక్కువ ఒత్తిడితో బయటికి దూసుకువచ్చి పుట్టించిన శబ్దానికే హార్డు డిస్కులు పాడై, కార్డు సేవలు సుమారు పది గంటలు నిలిచిపోయాయి. శబ్దం తగ్గించే నాజిళ్ళను అడిగి మరీ పెట్టించుకోవాలి.

నీళ్ళు, ఎలుకల బెడద మాటేమిటి?

2012లో శాండీ తుపాను న్యూయార్క్‌ను ముంచినప్పుడు, కొన్ని భవనాల్లో జనరేటర్లు పై అంతస్తుల్లో క్షేమంగా ఉన్నా, వాటికి డీజిల్ ఎక్కించే పంపులు సెల్లార్లో మునిగిపోయాయి. 75 బ్రాడ్ స్ట్రీట్ భవనంలో సిబ్బంది, వినియోగదారులు కలిసి బకెట్లతో 17 అంతస్తులు డీజిల్ మోసి సర్వర్లను నడిపించారు. వారి నిబద్ధతకు నమస్కరించాలి, కాని ఆ పరిస్థితి మనకు రాకుండా పంపులను, స్విచ్ బోర్డులను సెల్లార్లో పెట్టకపోవడం మంచిది. సర్వర్ హాలు పైన మరుగుదొడ్డి, వంటగది, నీళ్ళ ట్యాంకు ఉండకూడదు.

ఎలుకలు, ఉడతలు, బల్లులు చిన్న విషయంగా కనిపిస్తాయి. ఫైబర్ కేబుల్ కొరికినా, స్విచ్ బోర్డులో దూరి షార్ట్ సర్క్యూట్ చేసినా నష్టం చిన్నది కాదు. గోడలో కేబుల్ దూరే ప్రతి రంధ్రాన్నీ నిప్పును తట్టుకునే పదార్థంతో మూసేస్తే పొగ, ఎలుక రెండూ ఆగుతాయి. సర్వర్ హాలులో తినుబండారాలను నిషేధించడానికి ఒక కారణం కూడా ఈ ఎలుకల బెడదే.

కాపలా సిబ్బందిని ఎలా ఎంచుకోవాలి?

ఏజెన్సీకి 2005 నాటి ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఆ చట్టపు నమూనా నియమాలు గార్డుకు 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల క్షేత్ర శిక్షణ అవసరమంటాయి, మాజీ సైనికులకూ మాజీ పోలీసులకూ తక్కువ గంటలు చాలు. కాగితం మీద శిక్షణ ముద్ర చూసి తృప్తిపడకుండా, గార్డుతో పది నిమిషాలు మాట్లాడండి. పొగ అలారం మోగితే మొదట ఎవరికి ఫోన్ చేస్తారు, ఎమర్జెన్సీ పవర్ ఆఫ్ మీట ఎక్కడ ఉంది, దాన్ని ఎప్పుడు నొక్కకూడదు అని అడగండి.

పన్నెండు గంటల షిఫ్టు చేసి, తక్కువ జీతం తీసుకుంటూ, నెలకొకసారి మారిపోయే మనిషి చేతిలో కోట్ల విలువైన తలుపు పెట్టి, అతని నుంచి అప్రమత్తత ఆశించడం న్యాయం కాదు. ఎనిమిది గంటల షిఫ్టు, కూర్చోవడానికి కుర్చీ, తాగునీరు, సరిగ్గా లెక్కకట్టిన జీతం ఇవ్వడం కెమెరా కొన్నంత పెట్టుబడే. పెద్దవారిని ఆపిన గార్డును మందలించకుండా మెచ్చుకునే సంస్థలోనే ఆ తలుపు నిజంగా మూసి ఉంటుంది.

కొలొకేషన్‌లో, అంటే మా సర్వర్లను అద్దె చోట ఉంచినప్పుడు, మా ర్యాక్ పక్కన ఇతర సంస్థల ర్యాక్‌లు ఉంటాయి. మేమేమి అడగాలి?

కేజ్ గోడ పైకప్పు దాకా, రైజ్డ్ ఫ్లోర్ కింద కూడా ఉందో లేదో చూడండి. చాలామంది కంటి ఎత్తులో చూసి తృప్తిపడతారు, నేల పలక ఎత్తి చూడరు. ర్యాక్ తలుపులు అందరికీ ఒకే తాళంచెవితో తెరుచుకుంటాయా అని అడగండి, కొన్ని తయారీదారుల తాళాలకు ఒకే నమూనా చెవి సరిపోతుంది. మీ తరఫున వారి టెక్నీషియన్ చేసే ప్రతి పనికీ టికెట్ నంబరు, మీ ఆమోదం, ముందు తరువాత తీసిన ఫోటో ఉండాలి. లోపలికి వెళ్ళే అనుమతి ఉన్న మీ ఉద్యోగుల జాబితాను మూడు నెలలకోసారి మీరే సరిచూసుకోవాలి. డేటా సెంటర్ వారికి మీ ఉద్యోగి ఎప్పుడు మానేశాడో తెలియదు.

పాడైన డిస్కులను ఏమి చేయాలి?

పాత ఇనుము కింద అమ్మకూడదు. ఫైళ్ళను డిలీట్ చేయడం, ఫార్మాట్ చేయడం చాలవు. అయస్కాంత క్షేత్రంతో చెరిపే డిగాసింగ్ పాత హార్డు డిస్కులకు పనికివస్తుంది గాని, ఎస్ఎస్‌డీలలో సమాచారం అయస్కాంత రూపంలో ఉండదు కాబట్టి వాటి మీద ఏమాత్రం పనిచేయదు. వాటిని చిన్న ముక్కలుగా నుగ్గు చేయాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వెలువరించిన 800-88 మార్గదర్శకం ఈ విషయంలో దారి చూపుతుంది. డిస్కును మొదటి రోజు నుంచే ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే, చివరి రోజు భయం చాలావరకు తగ్గుతుంది.

అమెరికా ఆర్థిక సేవల సంస్థ మోర్గాన్ స్టాన్లీ తన డేటా సెంటర్లను మూసివేసే పనిని ఆ అనుభవం లేని రవాణా సంస్థకు అప్పగించగా, వినియోగదారుల సమాచారం చెరిపివేయని పరికరాలు తిరిగి అమ్ముడుపోయాయి. దానికి 2020లో 6 కోట్ల డాలర్లు, 2022లో మరో 3.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. ధ్వంసం చేసిన ప్రతి డిస్కు సీరియల్ నంబరుతో ధ్రువపత్రం తీసుకోవాలి, మీ మనిషి ఎదుట ధ్వంసం జరగాలి.

ప్రహరీ బయట ఉన్నవాటిని ఎలా కాపాడుకోవాలి?

2013 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని మెట్‌కాఫ్ సబ్‌స్టేషన్ మీద ఎవరో మొదట సమీపంలోని ఫైబర్ కేబుళ్ళను తెంపి, తరువాత తుపాకులతో కాల్చి 17 ట్రాన్స్‌ఫార్మర్లను పాడుచేశారు. మన దగ్గర తుపాకుల కంటే జేసీబీల వల్ల తెగే కేబుళ్ళే ఎక్కువ. రెండు వేరు సంస్థల ఫైబర్ తీసుకున్నామని చాలామంది ధైర్యంగా ఉంటారు, రెండూ ఒకే కందకంలో, ఒకే మ్యాన్‌హోల్ గుండా వస్తున్నాయని తెగిన రోజే తెలుస్తుంది. మార్గాల పటాన్ని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. రెండు సబ్‌స్టేషన్ల నుంచి కరెంటు వస్తుందన్న మాటను కూడా అలాగే సరిచూసుకోండి.

టియర్ 4, అంటే అత్యున్నత శ్రేణి, అని ఉంటే భద్రత పూర్తిగా ఉన్నట్లేనా?

కాదు. అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే టియర్ గుర్తింపు ప్రధానంగా కరెంటు, శీతలీకరణ ఏ లోపం వచ్చినా ఆగకుండా నడుస్తాయా అన్నది చూస్తుంది. అమెరికా టెలికాం పరిశ్రమ సంఘం టీఐఏ రూపొందించిన 942 ప్రమాణం రేటెడ్ 1 నుంచి 4 దాకా ఇచ్చే శ్రేణుల్లో స్థలం, కట్టడం, భద్రత కూడా ఉంటాయి. ఐఎస్ఓ 27001, స్వతంత్ర ఆడిటర్లు ఇచ్చే ఎస్ఓసీ 2 నివేదికలు ఆచరణ గురించి చెబుతాయి. ధ్రువపత్రం ఏ భవనానికి ఇచ్చారు, ఏ తేదీ దాకా చెల్లుతుంది, కేవలం నమూనా చిత్రాలకా లేక కట్టిన భవనానికా అన్నవి చదవండి. క్లౌడ్ వాడేవారిని పెద్ద సంస్థలు సాధారణంగా లోపలికి రానివ్వవు కాబట్టి ఈ నివేదికలే వారికి ఆధారం.

మాది చిన్న సహకార సంఘం, ఒకే గదిలో రెండు ర్యాక్‌లు. ఇవన్నీ మేము చేయగలమా?

అన్నీ అవసరం లేదు. ఆ గదికి గట్టి తలుపు, దానంతట అది మూసుకునే ఏర్పాటు, ఫాల్స్ సీలింగ్ పైన కూడా స్లాబు దాకా ఉన్న గోడ చూసుకోండి. పక్క గది సీలింగ్ మీదుగా పాకి దిగగలిగే సర్వర్ గదులు ఎన్నో ఉన్నాయి. చీపుళ్ళు, పాత ఫైళ్ళు, స్టేషనరీ అట్టపెట్టెలు అందులోంచి తీసేయండి, అవి ఉన్నంతకాలం వాటికోసం వచ్చేవారు ఉంటారు, నిప్పుకు మేత కూడా ఉంటుంది. పొగ డిటెక్టరు, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే ఫోనుకు సందేశం పంపే చిన్న సెన్సార్, విద్యుత్ మంటలకు పనికివచ్చే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, తలుపుకు ఎదురుగా ఒక కెమెరా పెట్టండి. యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బాయేమో నెలకొకసారి కంటితో చూడండి. బ్యాకప్ ప్రతి ఒకటి వేరే ఊళ్ళోని శాఖలో ఉండాలి, ఏడాదికి రెండుసార్లు దాన్ని నిజంగా తెరిచి చూడాలి.

తాళంచెవులు రెండే ఉండాలి, ఒకటి బాధ్యుని దగ్గర, రెండవది కార్యదర్శి బీరువాలో. తలుపు పక్కన ఒక పుస్తకం వేలాడదీసి తేదీ, పేరు, వచ్చిన పని, వచ్చిన సమయం, వెళ్ళిన సమయం రాయించండి. ప్రతి శనివారం ఆ పేజీ చదివి కింద సంతకం పెట్టేవారు ఎవరో ఈ రోజే నిర్ణయించండి.